యాసంగి కొనుగోళ్లకు ముందు మిల్లు కంప్యూటర్‌లోని కంటైనర్ల విషయంలో తీసుకోవలసిన జాగ్రత్తలు

ఏప్రిల్ వచ్చిందంటే మిర్యాలగూడ చుట్టుపక్కల రైస్ మిల్లుల ముందు యాసంగి వడ్ల లారీలు, ట్రాక్టర్లు బారులు తీరుతాయి. ఈదురుగాలులు, ఉరుముల వానలతో కరెంటు పోవడం కూడా ఆ రోజుల్లోనే ఎక్కువ. కాంటా ప్రోగ్రామును, దాని డేటాబేసును ఒకే ఉబుంటు (లినక్స్) యంత్రంపై ఎల్‌ఎక్స్‌డీ కంటైనర్లుగా, అంటే ఒకే కంప్యూటర్‌లో విడివిడి గదుల్లా పనిచేసే వ్యవస్థలుగా, నడుపుతున్నవారు మార్చిలోనే ఈ పనులు ముగించుకోవాలి. 2023లో ఎల్‌ఎక్స్‌డీ నుంచి విడిపోయిన ఇన్‌కస్ వాడేవారికీ ఇవి వర్తిస్తాయి.

అన్నిటికన్నా ముందు చూడవలసింది బ్యాకప్. కంటైనర్ అప్పటి స్థితిని భద్రపరిచే ఎల్‌ఎక్స్‌డీ ఆదేశం 'ఎల్‌ఎక్స్‌సీ స్నాప్‌షాట్' క్షణాల్లో ముగుస్తుంది కాబట్టి చాలామంది దానితోనే నిశ్చింతగా ఉండిపోతారు. కానీ స్నాప్‌షాట్ ఉండేది కంటైనర్ ఉన్న అదే స్టోరేజ్ పూల్‌లో, అంటే కంటైనర్ల డేటాకు కేటాయించిన చోటులోనే. డిస్కు చెడితే అదీ పోతుంది, 'ఎల్‌ఎక్స్‌సీ డిలీట్'తో కంటైనర్‌ను తొలగించినా దాని స్నాప్‌షాట్లన్నీ వెంటే పోతాయి. అప్‌గ్రేడ్ వికటిస్తే పాత స్థితికి రావడానికి అది ఎంతో పనికొస్తుంది గానీ, దాన్ని బ్యాకప్‌గా లెక్కించకూడదు. 'ఎల్‌ఎక్స్‌సీ ఎక్స్‌పోర్ట్'తో వచ్చే ఫైలును బయటి డిస్కులోకి తీయాలి. నడుస్తున్న కంటైనర్ నుంచి తీసిన కాపీలో డేటాబేసు, ఉన్నట్టుండి కరెంటు పోయినప్పుడు ఏ స్థితిలో ఉంటుందో ఆ స్థితిలోనే ఉంటుంది. అందువల్ల డేటాబేసు పోస్ట్‌గ్రెస్ రకమైతే దాని 'పీజీ డంప్' ఆదేశంతో డేటాను విడిగా కూడా తీసి పెట్టుకోవాలి. ఆ తర్వాత ఎక్స్‌పోర్ట్ ఫైలును వేరే యంత్రంపై ఇంపోర్ట్ చేసి, కంటైనర్ లేచిందా, నిన్నటి చివరి లారీ తూకం చిట్టీ తెరపై కనిపిస్తోందా అని కళ్లారా చూడాలి. ఈ పరీక్ష జరగని బ్యాకప్‌ను నమ్ముకుని సీజన్‌లోకి దిగవద్దని గట్టిగా చెబుతున్నాను.

రెండోది డిస్కులో చోటు. మొదటిసారి అమర్చేటప్పుడు 'ఎల్‌ఎక్స్‌డీ ఇనిట్' ఆదేశం అడిగినవాటికి ఎంటర్ కొట్టుకుంటూ పోయినవారి పూల్ సాధారణంగా ఒక ఫైలులోనే ఉంటుంది, దాని పరిమాణం ఖాళీ స్థలంలో 20 శాతంగా, గరిష్ఠంగా 30 జీబీగా నిర్ణయమవుతుంది. అందుకే యంత్రంలో ఖాళీ చోటు చూపే 'డీఎఫ్' ఆదేశం కొడితే వందల జీబీ ఖాళీ కనిపిస్తున్నా, లోపల పూల్ నిండిపోయి డేటాబేసు రాయలేక ఆగిపోవచ్చు. 'ఎల్‌ఎక్స్‌సీ స్టోరేజ్ ఇన్ఫో'తో పూల్ ఎంత నిండిందో చూసి, పాత స్నాప్‌షాట్లు తొలగించి, అవసరమైతే పూల్‌ను పెంచుకోవాలి.

ఇక కరెంటు సంగతి. యూపీఎస్ బ్యాటరీ అడుగంటకముందే యంత్రం దానంతటదే షట్‌డౌన్ అయ్యేలా అమర్చుకోవాలి. అప్పుడు ఎల్‌ఎక్స్‌డీ ప్రతి కంటైనర్‌కూ ఆగమని చెప్పి, మామూలుగా 30 సెకన్లు ఆగి, అప్పటికీ ఆగనిదాన్ని బలవంతంగా ఆపేస్తుంది. పెద్ద డేటాబేసుకు ఆ గడువు చాలకపోవచ్చు కనుక 'బూట్.హోస్ట్ షట్‌డౌన్ టైమౌట్' విలువను 120కి పెంచడం మంచిది. తిరిగి లేచేటప్పుడు డేటాబేసు ముందుగా, కాంటా ప్రోగ్రాము తర్వాత లేవాలంటే రెండింటికీ 'బూట్.ఆటోస్టార్ట్' పెట్టి, డేటాబేసుకు 'బూట్.ఆటోస్టార్ట్.ప్రయారిటీ'లో పెద్ద అంకె ఇవ్వాలి.

కంటైనర్లన్నిటికీ కెర్నల్ (ఆపరేటింగ్ సిస్టమ్ మూలభాగం) ఒక్కటే, మెమరీ కూడా ఉమ్మడిదే. రిపోర్టులు తీసే కంటైనర్‌కు 'లిమిట్స్.మెమరీ'తో హద్దు పెట్టకపోతే అది మెమరీ అంతా లాగేసి, చివరకు కెర్నల్ డేటాబేసు ప్రాసెస్‌నే చంపే ప్రమాదం ఉంది. సీజన్ కోసం తీసుకున్న ఆపరేటర్లను ఎల్‌ఎక్స్‌డీ గ్రూపులో ఎట్టి పరిస్థితిలోనూ చేర్చవద్దు. ఆ గ్రూపులో ఉన్నవారికి యంత్రంపై రూట్ అధికారం, అంటే పూర్తి అధికారం, ఉన్నట్టే.

ఎల్‌ఎక్స్‌డీని దానంతటదే అప్‌డేట్ అయ్యే స్నాప్ ప్యాకేజీగా పెట్టుకున్నవారు అప్‌డేట్లన్నీ మార్చిలోనే వేసి, రెండు రోజులు నడిపి చూసి, తర్వాత 'స్నాప్ రీఫ్రెష్'కు హోల్డ్ జతచేసి కొనుగోళ్లు ముగిసేవరకు నిలిపి ఉంచాలి. ఆఖరి లారీ దిగిన వారంలోనే అన్‌హోల్డ్ చేసి, ఆగిపోయిన భద్రతా అప్‌డేట్లు వేయించాలి.