బ్రెయిన్ స్టిమ్యులేషన్ ల్యాబ్‌కి వస్తున్న మన గోదావరి పిల్లలకు

కాకినాడ, భీమవరం, అమలాపురం వైపు నుంచి ఈఈఈ, ఈసీఈ చదివి అమెరికాలో మెదడు పరిశోధనకి వస్తున్న తమ్ముళ్ళూ చెల్లెళ్ళూ అందరూ ఒకటే అడుగుతున్నారు, "అక్కా, ముందు ప్రోగ్రామింగ్‌కి పైథాన్ నేర్చుకోవాలా, మ్యాట్‌ల్యాబా?" అని. ఏదో ఒకటి వస్తే చాలు. ముందు చెయ్యి తిరగాలి.

టీఎమ్ఎస్ అంటే తల బయటి నుంచే అయస్కాంత క్షేత్రంతో మెదడుని ప్రేరేపించే పద్ధతి, అందులో ఉన్నది మీరు ఇంటర్‌లో చదివిన ఫారడే సూత్రమే. తల మీద పెట్టిన కాయిల్‌లోకి కెపాసిటర్ నుంచి ఒక్కసారిగా కరెంటు వదిలితే, మారే అయస్కాంత క్షేత్రం వల్ల పుర్రె కొయ్యకుండానే లోపల మెదడులో కరెంటు పుడుతుంది. 1985లో ఇంగ్లండ్‌లోని షెఫీల్డ్‌లో ఆంథోనీ బార్కర్ బృందం దీన్ని చేసి చూపించింది. కాబట్టి బయాలజీ రాదని బెంగ వద్దు, మెషీన్ సంగతి మీకే బాగా అర్థమవుతుంది.

కష్టమంతా మోటార్ థ్రెషోల్డ్ పట్టుకోవడంలో ఉంది. 10 పల్సులిస్తే కనీసం 5 సార్లు చేతి కండరంలో 50 మైక్రోవోల్టుల స్పందన రావాలి, అది వచ్చే అతి తక్కువ తీవ్రత కనుక్కోవాలి. కాయిల్ కొంచెం ఒరిగినా స్పందన మాయమైపోతుంది. సీనియర్ పక్కన నిలబడి రోజుల తరబడి చూడండి, స్క్రీనింగ్‌లో (టీఎమ్ఎస్ మీకు సురక్షితమో కాదో చూసే ప్రశ్నల్లో) ఇబ్బంది లేకపోతే మీరే ఒకసారి కుర్చీలో కూర్చోండి, ఆ టక్కుమనే దెబ్బ ఎలా ఉంటుందో తెలిస్తేనే ఎదుటివాళ్ళకి ధైర్యం చెప్పగలరు.

స్క్రీనింగ్ ఫారం మాత్రం మొక్కుబడిగా నింపించకండి. మూర్ఛ, తలలో లోహం, కాక్లియర్ ఇంప్లాంట్ (చెవి లోపల అమర్చే వినికిడి పరికరం), వాడే మందులు, రాత్రి సరిగ్గా నిద్రపోయారా లేదా, అన్నీ నిదానంగా అడగాలి. అనుమానం వస్తే ఆ రోజుకి ఆపేయండి, డేటా పోతే పోయింది. ఇయర్‌ప్లగ్స్ వాళ్ళకీ మీకూ తప్పనిసరి. ఈఈజీ (మెదడు విద్యుత్ సంకేతాల రికార్డింగ్), టీడీసీఎస్ (తల మీద నుంచి సన్నటి కరెంటు పంపడం) చేసేటప్పుడు జుట్టుకి నూనె ఉండకూడదు, ఎలక్ట్రోడ్ సరిగ్గా పట్టదు. మన కోనసీమ కొబ్బరినూనె అలవాటున్నవాళ్ళు ముందురోజే తలస్నానం చేసి నూనె వదిలించుకోవాలి!

డబ్బు విషయం: పీహెచ్‌డీకి సాధారణంగా ఫీజు మాఫీ, స్టైపెండ్ ఉంటాయి, ఎమ్ఎస్‌కి చాలావరకు ఉండవు. ఎఫ్-1 (విద్యార్థి) వీసా మీద సెమిస్టర్ నడుస్తుండగా క్యాంపస్ పని వారానికి 20 గంటలు దాటకూడదు. జీతం లేకుండా ల్యాబ్‌లో సాయం చేస్తామన్నా సరే, ముందు ఇంటర్నేషనల్ ఆఫీసుని అడగండి.

ప్రొఫెసర్‌ గారి ముందు సందేహం దాచుకుని తల ఊపడం ఇక్కడ మర్యాద అనిపించుకోదు, అర్థం కాలేదని వెంటనే చెప్పేయండి.

బయల్దేరేలోపు ఇంట్లోనే సిమ్‌నిబ్స్ అనే సాఫ్ట్‌వేర్ పెట్టుకోండి, మెదడులో పుట్టే విద్యుత్ క్షేత్రాన్ని లెక్కగట్టి చూపిస్తుంది, ఉచితమే. అందులో ఉన్న తల మోడల్ మీద కాయిల్‌ని ఒక సెంటీమీటరు జరిపి, విద్యుత్ క్షేత్రం ఎక్కడికి మారిందో చూస్తూ ఉండండి.