పాత కంప్యూటర్ విడిభాగాల కొనుగోలు – నాలుగో పాఠం: హార్డ్ డిస్కు, ఎస్ఎస్‌డి

గత పాఠంలో పవర్ సప్లై, మదర్‌బోర్డుల గురించి చెప్పుకున్నాం. అవి పాడైతే పోయేది డబ్బు మాత్రమే. హార్డ్ డిస్కు గానీ ఎస్ఎస్‌డి (తిరిగే భాగాలు లేకుండా ఫ్లాష్ చిప్పుల్లో డేటా దాచే డిస్కు) గానీ పాడైతే పిల్లల ఫోటోలు, పొలం కాగితాల స్కాన్లు, ఏళ్ల తరబడి రాసుకున్న లెక్కలు కూడా పోతాయి. అందుకే పాత డిస్కు కొనవద్దని చాలామంది సలహా ఇస్తారు. ఆ సలహాతో నేను పూర్తిగా ఏకీభవించను. 2025 చివరి నుంచి కృత్రిమ మేధ డేటా సెంటర్ల గిరాకీ కారణంగా ర్యామ్, ఎస్ఎస్‌డిల ధరలు బాగా పెరిగాయి. చదువుకునే పిల్లల కోసం ఒక పాత కంప్యూటర్‌ను నిలబెట్టుకోవాలనుకునే ఇంటికి కొత్త డిస్కు ధర భారమే. పైగా వాడిన విడిభాగాలన్నింటిలోకీ డిస్కుకు ఒక సుగుణం ఉంది. ప్రాసెసర్‌ను, ర్యామ్‌ను చూసి అవి ఎన్నేళ్లు నడిచాయో చెప్పలేం. డిస్కు మాత్రం తాను ఎన్ని గంటలు నడిచిందో, ఎన్నిసార్లు చదవలేక తడబడిందో తనలోనే నమోదు చేసుకుంటుంది. ఆ నమోదును స్మార్ట్ అంటారు. దాన్ని చదవడం నేర్చుకోవడమే ఈ పాఠం ఉద్దేశం.

ముందుగా ప్రకటన దగ్గర ఆగవలసిన విషయాలు రెండు ఉన్నాయి. మొదటిది, డిస్కు వెనుక ఉండే కనెక్టర్. ధర మరీ తక్కువగా కనిపించే పెద్ద డిస్కులు చాలావరకు సర్వర్ల నుంచి ఊడదీసిన ఎస్ఏఎస్ రకానివి. మామూలు మదర్‌బోర్డుకు అవి పనికిరావు. ఇంటి కంప్యూటర్లలో వాడే సాటా డిస్కులో డేటా భాగానికీ పవర్ భాగానికీ మధ్య ఖాళీ కనిపిస్తుంది. ఎస్ఏఎస్ డిస్కులో ఆ ఖాళీ పూడి ఉంటుంది కాబట్టి సాటా కేబుల్ అందులో కూర్చోదు. కనెక్టర్ స్పష్టంగా కనిపించే ఫోటో అడిగితే ఈ సందేహం అక్కడికక్కడే తీరిపోతుంది. రెండోది, పూర్తి మోడల్ సంఖ్య. వెస్టర్న్ డిజిటల్ కంపెనీ డిస్కుకు 'డబ్ల్యూడీ రెడ్ 4 టీబీ' అని రాస్తే చాలదు. ఆ పేరుతోనే రెండు వేర్వేరు రకాలు ఉన్నాయి: మోడల్ సంఖ్య ఈఎఫ్ఆర్ఎక్స్‌తో ముగిసే పాత రకం ట్రాకులను (డేటా రాసే వలయాలను) పక్కపక్కన రాస్తుంది, ఈఎఫ్ఏఎక్స్‌తో ముగిసే రకం ఒకదానిపై ఒకటి కొంత కప్పుతూ రాస్తుంది. రెండో రకంలో ఒకచోట మార్పు చేయాలంటే పక్క ట్రాకులను కూడా తిరిగి రాయవలసి వస్తుంది కనుక ఎక్కువ రాతపని పడినప్పుడు అది బాగా నెమ్మదిస్తుంది. ఈ తేడాను కంపెనీ ముందుగా చెప్పలేదని 2020లో పెద్ద గొడవే జరిగింది. ఫోటోలు దాచుకోవడానికైతే ఏ రకమైనా పరవాలేదు. నాలుగైదు డిస్కులను కలిపి నాస్‌గా (నెట్‌వర్క్ ద్వారా అందరూ వాడుకునే నిల్వ పెట్టెగా) వాడదలచుకున్నవారు మాత్రం పాత రకాన్నే వెతుక్కోవాలి.

ఇక అసలు విషయానికి వద్దాం. విండోస్‌లో స్మార్ట్ వివరాలు చూడటానికి క్రిస్టల్‌డిస్క్‌ఇన్ఫో అనే ఉచిత ప్రోగ్రాం చాలు. లైనక్స్ వాడేవారికి స్మార్ట్‌మాన్‌టూల్స్ ఉంది. అమ్మే వ్యక్తిని క్రిస్టల్‌డిస్క్‌ఇన్ఫో తెర ఫోటో అడగండి. చాలామంది తెర పైభాగం మాత్రమే పంపుతారు. అందులో నీలిరంగు గడిలో 'గుడ్' అని ఉంటుంది. ఆ మాటను చూసి తృప్తిపడవద్దు, ఎందుకంటే ఏ స్థాయి దాటితే పసుపురంగు హెచ్చరిక చూపాలో ఆ ప్రోగ్రాం సెట్టింగుల్లో ఎవరైనా మార్చుకోవచ్చు. కొద్దిగా చెడిన డిస్కునూ ఆ విధంగా నీలిరంగులోకి తేవచ్చు. మనం చదవవలసింది కింది పట్టికలోని అంకెలు.

ఆ అంకెలను చదివేటప్పుడు కొత్తవారికి ఎదురయ్యే మొదటి చిక్కు ఏమిటంటే, చివరి నిలువు వరుసలోని ముడి విలువలు (రా వేల్యూస్) సాధారణంగా పదహారు ఆధారంగా గల లెక్కలో కనిపిస్తాయి. ఉదాహరణకు, 09 సంఖ్య గల వరుసలో, అంటే నడిచిన గంటల వరుసలో, ముందున్న సున్నాలను వదిలేస్తే '4ఇ20' అని ఉందనుకోండి. అది మన లెక్కలో 20,000 గంటలు. ప్రోగ్రాం మెనూలో ముడి విలువలను పదుల లెక్కలో చూపమని ఎంచుకునే వీలుంది. అలా మార్చి ఫోటో పంపమని అమ్మేవారిని అడగవచ్చు, లేదా కంప్యూటర్‌లోని క్యాలిక్యులేటర్‌తో మీరే మార్చుకోవచ్చు.

పాత బండి కొనేవారు మీటరు చూసినట్టుగా అందరూ ఈ గంటలనే చూస్తారు గానీ, ఒంటరిగా ఆ అంకె చెప్పేది తక్కువ. దాని పక్కన 0సి వరుసను, అంటే డిస్కుకు ఎన్నిసార్లు కరెంటు ఇచ్చి ఆపారో చెప్పే లెక్కను, పెట్టి చదవాలి. ఏడాదికి 8,760 గంటలు. 26,000 గంటలు నడిచి, కేవలం 40 సార్లు ఆగి మొదలైన డిస్కు దాదాపు మూడేళ్లు నిరంతరాయంగా తిరిగిందన్నమాట. అది సర్వర్‌లోనో సీసీ కెమెరాల రికార్డర్‌లోనో ఉన్నదై ఉంటుంది. 4,000 గంటలకు 3,000 సార్లు ఆగి మొదలైనదైతే అది ఇంటి కంప్యూటర్‌లో పనిచేసినది. 'ఇంట్లో అప్పుడప్పుడు వాడాను, సినిమాలు దాచుకున్నాను' అని చెబుతున్న వ్యక్తి మొదటి రకం అంకెలు పంపితే, డిస్కు మంచిదా చెడ్డదా అన్నది తర్వాత సంగతి, ఆ వ్యక్తి నిజం చెప్పడం లేదని తేలిపోయింది. నేనైతే ఆ బేరం అక్కడితో వదిలేస్తాను. అదే వ్యక్తి 'రికార్డర్ నుంచి తీసింది' అని ముందే చెప్పి తగిన ధర అడిగితే, 26,000 గంటల డిస్కును సైతం రెండో కాపీ దాచుకోవడానికి నిరభ్యంతరంగా తీసుకోవచ్చు. మన దగ్గర దొరికే పాత డబ్ల్యూడీ పర్పుల్, సీగేట్ స్కైహాక్ డిస్కులు ఎక్కువగా ఇలాంటివే, ఎందుకంటే అవి తయారయ్యేదే సీసీ కెమెరాల కోసం.

గంటల కంటే ముఖ్యమైనవి 05, సి5, సి6 వరుసలు. డిస్కు ఏదైనా సెక్టారును (డేటా దాచే చిన్న భాగాన్ని) చదవలేకపోతే దాన్ని వెంటనే తీసేయదు. 'అనుమానాస్పదం' అని గుర్తు పెట్టుకుంటుంది, ఆ లెక్క సి5లో కనిపిస్తుంది. తర్వాత ఆ చోట మళ్లీ రాసినప్పుడు అది సరిగా పనిచేస్తే అనుమానం తొలగిపోతుంది, పనిచేయకపోతే దాని బదులు విడిగా దాచి ఉంచిన మంచి సెక్టారును వాడుకుని 05లో ఒకటి పెంచుతుంది. సి6 అనేది డిస్కు తనంతట తాను వెతుక్కునేటప్పుడు సరిదిద్దలేకపోయిన సెక్టార్ల లెక్క. ఈ మూడింటిలో ముడి విలువ సున్నా ఉండాలన్నది నా నియమం. అమ్మే ముందు డిస్కు మొత్తం ఫార్మాట్ చేస్తే సి5 సున్నాకు దిగిపోవచ్చు కాబట్టి సి5 ఒక్కటే చూసి ఊరుకోకూడదు. 05 అలా వెనక్కి తగ్గదు.

ఈ నియమం ఎంత నమ్మదగినదో చెప్పడానికి ఒక లెక్క ఉంది. వేలాది డిస్కులు నడిపే బ్యాక్‌బ్లేజ్ అనే అమెరికన్ నిల్వ సంస్థ 2013 నుంచి తన డిస్కుల వివరాలను బహిరంగంగా ఉంచుతోంది. 05, సి5, సి6తో సహా ఐదు స్మార్ట్ విలువలను పరిశీలించి 2016లో ఆ సంస్థ ప్రకటించిన దాని ప్రకారం, పాడైన డిస్కుల్లో 76.7 శాతంలో వాటిలో కనీసం ఒకటి సున్నా కంటే ఎక్కువ ఉంది; బాగా నడుస్తున్న డిస్కుల్లో అలాంటివి 4.2 శాతమే. అంటే సున్నా కానివాటిని పక్కన పెట్టడం సబబే. కానీ పాడైన ప్రతి నాలుగు డిస్కుల్లో దాదాపు ఒకటి ముందస్తు సూచన ఏదీ ఇవ్వకుండానే పోయిందని కూడా ఆ లెక్కే చెబుతోంది. అందువల్ల పాత డిస్కు ఎంత శుభ్రంగా కనిపించినా, మీ దస్త్రాలకు అదే ఏకైక నివాసం కాకూడదు. ఈ ఒక్క విషయంలో నేను ఎవరికీ మినహాయింపు ఇవ్వను.

అనవసరంగా భయపెట్టే వరుసలు కూడా కొన్ని ఉన్నాయి. సీగేట్ డిస్కుల్లో 01, 07 వరుసల ముడి విలువలు కోట్లలో కనిపిస్తాయి. అందులో తప్పుల లెక్కతో పాటు మొత్తం పనుల లెక్క కూడా కలిసి ఉంటుంది కాబట్టి ఆ పెద్ద అంకె మామూలే. సి7 వరుస డిస్కుకూ బోర్డుకూ మధ్య ప్రయాణంలో జరిగిన పొరపాట్లను లెక్కిస్తుంది. చాలాసార్లు అది వదులైన కేబుల్ చేసిన పని. కేబుల్ మార్చాక లెక్క పెరగడం ఆగుతుంది గానీ తగ్గదు. సి7 ఉందని మంచి డిస్కు వదులుకోనక్కర్లేదు, బేరమాడటానికి మాత్రం వాడుకోవచ్చు.

మీటరును వెనక్కి తిప్పేవారి మాటేమిటి? డిస్కుల్లోనూ ఆ మోసం ఉంది. 2025 జనవరిలో జర్మనీలో సీగేట్ ఎక్సోస్ శ్రేణి డిస్కులు కొత్తవన్న పేరుతో అమ్ముడై, నిజానికి వేల గంటలు నడిచినవని బయటపడింది. స్మార్ట్‌లో గంటలు చెరిపివేసి ఉన్నాయి. అయితే సీగేట్ డిస్కుల్లో ఫార్మ్ అనే మరో అంతర్గత నమోదు ఉంటుంది. అందులోని గంటలు అలాగే మిగిలిపోవడంతో గుట్టు రట్టయింది. స్మార్ట్‌మాన్‌టూల్స్ 7.4 వెర్షన్ నుంచి ఈ ఫార్మ్ నమోదును చదవగలదు. సీగేట్ డిస్కు కొంటున్నప్పుడు రెండు చోట్లా గంటలు పోల్చి చూడండి. స్వల్ప తేడాను పట్టించుకోనక్కర్లేదు, వేల గంటల తేడా ఉంటే అది మోసమే. ఇతర కంపెనీల డిస్కులకు కంటిచూపే శరణ్యం: లేబుల్ మీద తయారీ తేదీ 2018 ఉండి, గంటలు 12 మాత్రమే ఉండి, స్క్రూ రంధ్రాల చుట్టూ గీతలు, కనెక్టర్ పూతపై అరుగుదల కనిపిస్తే ఆ పన్నెండు గంటలను నమ్మవద్దు.

ఎస్ఎస్‌డిలో తిరిగే భాగాలు లేవు కాబట్టి అక్కడ ప్రశ్న మారుతుంది. ఫ్లాష్ కణాలను చెరిపి రాయడానికి ఒక పరిమితి ఉంది; ఎంత రాశారన్నదే వయసు. ప్రతి మోడల్‌కూ ఎన్ని టెరాబైట్లు రాసేవరకు వారంటీ వర్తిస్తుందో కంపెనీ ప్రకటిస్తుంది: శామ్‌సంగ్ 970 ఈవో ప్లస్ 500 జీబీకి 300 టీబీ, క్రూషియల్ ఎంఎక్స్500లో అదే పరిమాణానికి 180 టీబీ. క్రిస్టల్‌డిస్క్‌ఇన్ఫో కుడివైపు మొత్తం రాసిన డేటాను జీబీల్లో చూపిస్తుంది. అక్కడ 48,000 జీబీ ఉంటే, శామ్‌సంగ్ విషయంలో ఆయుష్షులో ఆరో వంతైనా పూర్తికాలేదు. క్రూషియల్ విషయంలో నాలుగో వంతు దాటింది. ఎన్‌వీఎంఈ రకంలో (సాటా కేబుల్ లేకుండా నేరుగా బోర్డులో గుచ్చే ఎస్ఎస్‌డిలో) మీడియా తప్పుల వరుస కూడా చూసి, అది సున్నా కాకపోతే వదిలేయండి. ఇక వెయ్యి, రెండు వేల రూపాయలకు అనేక టెరాబైట్ల 'పోర్టబుల్ ఎస్ఎస్‌డి' అని కనిపించేవాటి జోలికే పోవద్దు. వాటి పెట్టె విప్పితే తరచుగా చిన్న మెమరీ కార్డు కనిపిస్తుంది. నిండిన తర్వాత కూడా ఫైళ్ల పేర్లు చేరుతూనే ఉంటాయి గానీ లోపలి డేటా మాయమవుతుంది. ఇప్పటికే ఒకటి కొన్నవారు హెచ్2టెస్ట్‌డబ్ల్యూ అనే ఉచిత ప్రోగ్రాంతో మొత్తం నింపి, తిరిగి చదివించి తేల్చుకోవచ్చు.

అమ్మేవారికి పంపే సందేశం సూటిగా, మర్యాదగా ఉంటే చాలు. నమూనాగా: 'నమస్తే అండి. మీ 4 టీబీ డిస్కు తీసుకుందామనుకుంటున్నాను. దయచేసి లేబుల్ ఫోటో, కనెక్టర్ ఫోటో, క్రిస్టల్‌డిస్క్‌ఇన్ఫో తెర మొత్తం కనిపించే ఫోటో పంపగలరా? తెర పక్కన ఈ రోజు తేదీ రాసిన చీటీ పెట్టండి. వారం రోజుల టెస్టింగ్ వారంటీ ఇస్తారా?' లేబుల్ మీది సీరియల్ నంబరు, తెరమీది సీరియల్ నంబరు ఒకటే కావాలి. ఆ నంబరుతో కంపెనీ వెబ్‌సైట్‌లో వారంటీ మిగిలి ఉందేమో చూసుకోండి. హైదరాబాద్ పరిసరాల్లో ఉన్నవారు సికింద్రాబాద్ సీటీసీలో (చెనాయ్ ట్రేడ్ సెంటర్ అనే కంప్యూటర్ దుకాణాల సముదాయంలో) దుకాణం ఉండి ఆన్‌లైన్‌లో అమ్మేవారిని ఎంచుకుంటే, అక్కడికే వెళ్లి కళ్లముందు పరీక్షింపజేసుకోవచ్చు. చెల్లింపు జాగ్రత్తలు రెండో పాఠంలో వివరంగా ఉన్నాయి. మోసపోయామని తెలిసిన వెంటనే సైబర్ మోసాల సహాయ నంబరు 1930కి ఫోన్ చేయాలన్నది మాత్రం మరోసారి గుర్తుచేస్తున్నాను.

పార్సిల్ విప్పేటప్పుడు వీడియో తీయండి. డిస్కును యూఎస్‌బీ పెట్టెతో కాకుండా నేరుగా సాటా కేబుల్‌తో బోర్డుకు కలపండి, ఎందుకంటే కొన్ని యూఎస్‌బీ పెట్టెలు స్మార్ట్ వివరాలను దాటనివ్వవు. ఏమీ రాయకముందే తెర ఫోటో తీసి ఉంచండి. తర్వాత విండోస్‌లో క్విక్ ఫార్మాట్ టిక్కు తీసేసి పూర్తి ఫార్మాట్ చేయండి. అది ప్రతి సెక్టారులోనూ సున్నాలు రాస్తుంది కాబట్టి పాత యజమాని వ్యక్తిగత దస్త్రాలు ఏమైనా మిగిలి ఉంటే తుడిచిపెట్టుకుపోతాయి, డిస్కుకూ పరీక్ష జరుగుతుంది. 4 టీబీ డిస్కుకు ఏడెనిమిది గంటలు పట్టవచ్చు. రాత్రి మొదలుపెట్టి నిద్రపోవచ్చు, కరెంటు పోతుందన్న భయం ఉంటే యూపీఎస్ మీద ఉంచండి. అది ముగిశాక స్మార్ట్‌మాన్‌టూల్స్‌తో గానీ కంపెనీ ఇచ్చే సాధనంతో గానీ దీర్ఘ పరీక్ష (లాంగ్ టెస్ట్) నడిపి, 05, సి5, సి6 విలువలను మొదటి ఫోటోతో పోల్చండి. ఒక్కటి పెరిగినా టెస్టింగ్ వారంటీ గడువు లోపలే వెనక్కి పంపండి.

అభ్యాసం: మీ ఇంట్లో ఇప్పుడు వాడుతున్న కంప్యూటర్‌లోని డిస్కుకు క్రిస్టల్‌డిస్క్‌ఇన్ఫో నడపండి. హార్డ్ డిస్కు అయితే 09ని 0సితో భాగించి, ఒక్కసారి ఆన్ చేస్తే సగటున ఎన్ని గంటలు నడుస్తోందో లెక్కగట్టి, అది మీ వాడకానికి సరిపోతుందో లేదో చూడండి. ఎస్ఎస్‌డి అయితే రాసిన డేటాను మీ మోడల్‌కు కంపెనీ ప్రకటించిన పరిమితితో పోల్చండి. ఐదో పాఠం గ్రాఫిక్స్ కార్డుల గురించి. దానికీ ఇలా అంకెలు చదివే అలవాటు కావలసి ఉంటుంది.