పూల్ పంప్ మార్చాలా? హెచ్‌పీ కాదు, స్పీడ్ చూడండి

బరంపురం నుంచి గోపాల్‌పూర్ వెళ్లే దారిలో ఇంట్లోనో తోటలోనో చిన్న స్విమ్మింగ్ పూల్ కట్టించుకున్న మనవాళ్లలో చాలామందికి ఇప్పుడు పంప్ మార్చే టైమ్ వచ్చింది. అడిగేది కూడా అందరూ ఒకటే, సౌండ్ తగ్గాలి, కరెంట్ బిల్లు తగ్గాలి. షాపుకెళ్తే పాతది ఎంత హెచ్‌పీ అని అడిగి అదే హెచ్‌పీది, లేదంటే ఇంకొంచెం పెద్దది చేతిలో పెడతారు. అలా కొంటే సౌండూ తగ్గదు, బిల్లూ తగ్గదు, అందుకే ఇదంతా రాస్తున్నా.

ముందు పాత పంప్ నిజంగా పోయిందో లేదో చూడండి. ఆన్ చేయగానే హుం అని మూలిగి తిరగకపోతే చాలాసార్లు కెపాసిటర్ పోయి ఉంటుంది, చిన్న ఖర్చు. కీచుమని అరుస్తుంటే బేరింగ్: పొడవాటి స్క్రూడ్రైవర్ మొన మోటార్ బాడీకి ఆనించి (వెనక ఫ్యాన్ వైపు కాదు, వేళ్లు జాగ్రత్త) పిడి చెవి దగ్గర పెట్టుకుంటే లోపల గరగర స్పష్టంగా తెలుస్తుంది. అలా కాకుండా లోపల కంకర దొర్లుతున్నట్టు మోగుతుంటే అది మోటార్ తప్పు కాదు, నీళ్లు సరిగ్గా అందట్లేదని అర్థం. మా మావయ్యగారి తోటలో పంప్ ఇలాగే మోగితే స్ట్రైనర్ (పంప్ ముందు చెత్త ఆపే బుట్ట) మూత విప్పి చూశాం, బుట్ట నిండా సరుగుడు ఆకులు, మూత కింద ఓ-రింగ్ (గాలి చొరబడకుండా ఉండే రబ్బరు చుట్టు) ఎండిపోయి పగుళ్లిచ్చి ఉంది, అది మార్చి బుట్ట కడిగి పెట్టేసరికి సగం రొద పోయింది. ఇవన్నీ చూశాక కూడా మోటార్ వైండింగే పోయిందంటే అప్పుడు కొత్తది కొనండి.

ఇక అసలు విషయం. మనకి పంప్ అంటే బోరు మోటార్, మేడ మీద ట్యాంక్‌కి ఎక్కించే మోనోబ్లాక్ అలవాటు, కాబట్టి ఎంత పవర్ ఉంటే అంత మంచిదనుకుంటాం. పూల్లో నీళ్లని పైకి ఎక్కించే పనే లేదండి. పూల్లోంచి తీసుకుని ఫిల్టర్‌లోంచి పంపి మళ్లీ అదే పూల్లో వదలడమే, పైపులో ఫిల్టర్‌లో రాపిడిని దాటితే చాలు. నీళ్లు ఎంత స్పీడుగా తోస్తే ఆ రాపిడి అంత పెరిగిపోతుంది, అంటే పెద్ద పంప్ తినే కరెంట్‌లో చాలా భాగం పైపుతో కుస్తీ పట్టడానికే పోతుంది. పూల్ పంప్ లాంటి సెంట్రిఫ్యూగల్ పంప్ (లోపల చక్రం తిరిగి నీళ్లని తోసేది) స్పీడ్ సగానికి తగ్గిస్తే నీళ్లు సగం వస్తాయి, ప్రెషర్ నాలుగో వంతు అవుతుంది, పవర్ మాత్రం ఎనిమిదో వంతుకి పడిపోతుంది. నీళ్లు సగమే వచ్చినా పవర్ అంత పడిపోయింది కాబట్టి ఎక్కువసేపు నడిపినా మనకే లాభం. ఇలా స్పీడ్ మనకి కావాల్సినంత తగ్గించుకోగలిగేదే వేరియబుల్ స్పీడ్ పంప్, అమెరికాలో అయితే 2021 జూలై నుంచి పూల్ పంపులకి ఎనర్జీ రూల్ పెట్టేసరికి చాలా సైజుల్లో ఒకే స్పీడ్‌లో తిరిగే మామూలు సింగిల్ స్పీడ్ పంపులు ఆ రూల్‌కి నిలబడలేకపోయాయి.

మన లెక్క వేసుకుందాం. 20 అడుగుల పొడవు, 12 అడుగుల వెడల్పు, సగటున నాలుగున్నర అడుగుల లోతు పూల్ అంటే 1080 ఘనపుటడుగులు, 28.3తో గుణిస్తే దాదాపు 30,500 లీటర్లు. ఈ నీళ్లు మొత్తం 6 నుంచి 8 గంటల్లో ఒకసారి ఫిల్టర్ దాటాలంటే గంటకి 4 నుంచి 5 వేల లీటర్లు చాలు, కానీ మామూలు 1 హెచ్‌పీ పూల్ పంప్ గంటకి 12 వేలకి పైనే తోస్తుంది. అది 2900 ఆర్‌పీఎం (నిమిషానికి తిరిగే చుట్లు) దగ్గర 1100 వాట్ల దాకా లాగుతుంది, రోజుకి 8 గంటలు నడిస్తే 8.8 యూనిట్లు. అదే సైజు వేరియబుల్ స్పీడ్‌ది 1450 మీద పెడితే లెక్క ప్రకారం 140 వాట్లే గానీ స్పీడ్ మార్చే ఎలక్ట్రానిక్ డ్రైవ్ నష్టాలు కలిపి 200 వేసుకోండి, 12 గంటలు నడిపినా 2.4 యూనిట్లు, పైగా పూల్ నీళ్లు రెండు సార్లు తిరుగుతాయి. నెలకి 190 యూనిట్ల దాకా మిగులు, యూనిట్ ఆరు రూపాయలు వేసుకుంటే పదకొండు వందల పైమాటే. రెండు పంపుల ధరల తేడాని ఈ మిగులుతో భాగించి చూసుకోండి, ఎన్ని నెలల్లో తిరిగొస్తుందో తెలిసిపోతుంది. రోజూ నడపని పూల్ అయితే తొందరగా రాదు, అలాంటివాళ్లకి 0.5 హెచ్‌పీ మామూలు పంపే మేలని నా అభిప్రాయం.

సౌండ్ కూడా స్పీడ్‌తోనే తగ్గుతుంది, ఎందుకంటే రొదలో ఎక్కువ భాగం మోటార్ వెనక ఫ్యాన్‌ది, నీళ్ల ఉరుకుది. కేటలాగ్‌లో డెసిబెల్ అంకె చూసి మురిసిపోకండి, ఎంత దూరంలో ఏ స్పీడ్ మీద కొలిచారో అడగండి, ఒక మీటర్ దూరంలో మీరు రోజూ నడిపే స్పీడ్ దగ్గరిదే మీకు పనికొచ్చే అంకె. పది డెసిబెల్స్ తగ్గితే చెవికి సుమారు సగం అయినట్టుంటుంది. పంప్ కింద మందపాటి రబ్బరు షీట్ వేయించండి, సక్షన్ పైపు (పూల్ నుంచి పంప్‌లోకి నీళ్లు లాగేది) పంప్‌కి దగ్గర్లోనే వంపు తిరగకుండా కొంచెం తిన్నగా వచ్చేలా చూడండి, పక్కింటి గోడకి ఆనించి బిగించనివ్వకండి. పాతది ఒకటిన్నర అంగుళం సక్షన్ అయితే వీలున్నచోట రెండంగుళాలు చేయించండి, పంప్‌కి పెట్టిన డబ్బు కన్నా ఇదే ఎక్కువ ఫలితం ఇస్తుంది ఒక్కోసారి.

కొనేముందు ఫిల్టర్ సైజు చూడాలి. 20 అంగుళాల శాండ్ ఫిల్టర్ (ఇసుక ఫిల్టర్) బ్యాక్‌వాష్ చేయాలంటే, అంటే నీళ్లు తిరగేసి పంపి ఇసుక కడగాలంటే, గంటకి 7, 8 వేల లీటర్లు కావాలి, కాబట్టి మరీ చిన్న పంప్ కొంటే ఇసుక శుభ్రం కాదు. వేరియబుల్ స్పీడ్‌లో ఆ కొన్ని నిమిషాలు ఫుల్ మీద పెట్టి మళ్లీ దించేస్తే సరి. సాల్ట్ క్లోరినేటర్ (ఉప్పు నీళ్లలోంచి క్లోరిన్ తయారుచేసేది) ఉంటే దాని ఫ్లో స్విచ్, అంటే నీటి ప్రవాహం తగ్గితే దాన్ని ఆపేసే స్విచ్, ఏ స్పీడ్ దగ్గర కట్ అవుతుందో ముందే చూసుకోండి.

మన వైపు ఇంకో మూడు సంగతులు. సముద్రపు గాలికి టెర్మినల్ బాక్స్ స్క్రూలు తుప్పు పడతాయి, ఐపీ 55కి (దుమ్ము, నీటి చిమ్ముల నుంచి రక్షణ చెప్పే రేటింగ్) తగ్గని మోటారు, స్టెయిన్‌లెస్ షాఫ్ట్ అడగండి. రెండోది, వేరియబుల్ స్పీడ్ లోపల ఎలక్ట్రానిక్ బోర్డు ఉంటుంది, వేసవి సాయంత్రం గాలివానలకి మన లైన్లు ఎలా కొట్టుకుంటాయో తెలిసిందే, సర్జ్ ప్రొటెక్టర్, 30 మిల్లీఆంప్ ఆర్‌సీసీబీ (కరెంట్ లీకైతే వెంటనే ఆపేసే బ్రేకర్), సరైన ఎర్తింగ్ లేకుండా మిస్త్రీని వైర్ కలపనివ్వకండి. మూడోది, 2013 అక్టోబర్‌లో ఫైలిన్ తుఫాను గోపాల్‌పూర్ దగ్గరే తీరం దాటింది, గుంటలో పెట్టిన పంపులు అలాంటి వానకి మునుగుతాయి, అందుకని సెల్ఫ్ ప్రైమింగ్‌ది (కింద నుంచి నీళ్లు తనే లాగేసుకునేది) తీసుకుని అడుగున్నర ఎత్తు దిమ్మ మీద పెట్టించండి, మీద గాలి ఆడేలా రేకు చాలు.

బోర్డు పోతే సర్వీస్ మనిషి విశాఖ నుంచో భువనేశ్వర్ నుంచో రావాలా, బరంపురంలోనే ఉన్నాడా, బోర్డుకి వారంటీ వేరే ఉందా, ఈ మూడూ బిల్లు రాయకముందే అడిగి బిల్లు మీదే రాయించుకోండి. బిగించిన రోజు ఫిల్టర్ గేజ్ మీద ప్రెషర్ ఎంతుందో స్పీడ్‌తో సహా మార్కర్‌తో ఫిల్టర్ మీదే రాసి పెట్టండి. అదే స్పీడ్ దగ్గర ముల్లు దానికన్నా నాలుగో వంతు పెరిగిందంటే బ్యాక్‌వాష్ చేయాలి.