ఎం.ఏ. ఎకనామిక్స్ తరువాత ఐఈఎస్: గుంటూరు, విజయవాడ విద్యార్థులకు

నాగార్జున విశ్వవిద్యాలయంలోనో, విజయవాడ కళాశాలల్లోనో ఎం.ఏ. ఎకనామిక్స్ చదివేవారిలో చాలామంది గ్రూప్స్, లెక్చరర్ పోస్టుల దగ్గరే ఆగిపోతారు. కేంద్రంలో ఆర్థిక సలహాదారు హోదా వరకు తీసుకెళ్లే ఇండియన్ ఎకనామిక్ సర్వీస్ (ఐఈఎస్) 1961 నుంచీ ఉంది. పోస్టులు తక్కువ, 2024లో ప్రకటించినవి 18 మాత్రమే. అందువల్ల దీనినొక్కదానినే నమ్ముకోవడం మంచిది కాదు.

ఎకనామిక్స్‌లో గానీ, అప్లైడ్ ఎకనామిక్స్, బిజినెస్ ఎకనామిక్స్, ఎకనామెట్రిక్స్ (గణాంకాలతో ఆర్థిక సంబంధాలను కొలిచే శాస్త్రం)లలో ఒకదానిలో గానీ పీజీ ఉండాలి. పరీక్ష జరిగే ఏడాది ఆగస్టు 1 నాటికి వయసు 21 నుంచి 30 ఏళ్ల మధ్య ఉండాలి. రిజర్వుడు వర్గాలకు సడలింపు ఉంటుంది. యూపీఎస్సీ నిర్వహించే రాతపరీక్షకు 1000 మార్కులు, మౌఖిక పరీక్షకు 200. జనరల్ ఇంగ్లీష్, జనరల్ స్టడీస్ వందేసి మార్కులవి. జనరల్ ఎకనామిక్స్ మూడు పేపర్లు, ఇండియన్ ఎకనామిక్స్ ఒక పేపరు; ఈ నాలుగూ రెండేసి వందల మార్కులవి.

సమాధానాలన్నీ ఇంగ్లీషులోనే రాయాలి. మన విద్యార్థులు వెనకబడేది సబ్జెక్టులో కన్నా ఇక్కడే అని నా అభిప్రాయం. అందుకు రోజూ ఒక ప్రశ్నకు గడియారం ముందు పెట్టుకుని, చేత్తో జవాబు రాయడమే మార్గం. ఉదాహరణలకు ఢిల్లీ దాకా పోనక్కరలేదు. మిర్చి దిగుబడి పెరిగి ధర పడిపోయిన ఏడాది, ఎక్కువ టిక్కీలు (మిర్చి బస్తాలు) అమ్మిన రైతుకు మొత్తం రాబడి ఎందుకు తగ్గుతుందో డిమాండ్ వ్యాకోచత్వంతో (ధర మారితే కొనుగోలు ఎంత మారుతుందో చెప్పే కొలతతో) వివరించండి. ధర కోసం సరుకును కోల్డ్ స్టోరేజీలో ఉంచిన రైతు అద్దె, వడ్డీ, భవిష్యత్ ధరల అంచనా మధ్య ఎలా తేల్చుకుంటాడో రాయండి. గుంటూరు మిర్చి యార్డులో ఒక పూట గడిపితే ఇవి గ్రాఫులతో సహా మనసులో నిలుస్తాయి. గణాంక పద్ధతులు, ఎకనామెట్రిక్స్ జనరల్ ఎకనామిక్స్ మొదటి పేపర్‌లోనే వస్తాయి కనుక, లెక్కలంటే జంకేవారు ముందుగా వాటితోనే మొదలుపెట్టాలి.

ఎంపికైనవారు అసిస్టెంట్ డైరెక్టర్‌గా చేరి, డిప్యూటీ డైరెక్టర్, జాయింట్ డైరెక్టర్, డైరెక్టర్ మెట్లు దాటి ఆర్థిక సలహాదారు అవుతారు. పనిలో ఎక్కువ భాగం వేదికల మీద కాదు, ఫైళ్లలోనే: మంత్రిత్వ శాఖ ప్రతిపాదన ఖర్చుకు తగిన ఫలితమిస్తుందో లేదో పరిశీలించడం, పార్లమెంటు ప్రశ్నలకు జవాబులు సిద్ధం చేయడం, ధరలను గమనించడం. నెలనెలా వెలువడే టోకు ధరల సూచీ కూడా ఆర్థిక సలహాదారు కార్యాలయం నుంచే వస్తుంది. ముఖ్య ఆర్థిక సలహాదారు పదవి మాత్రం ఈ మెట్ల వరుసలో చివరిది కాదు. ప్రభుత్వం సాధారణంగా బయటి ఆర్థికవేత్తను నేరుగా నియమిస్తుంది.