ఆదివారం పొద్దున కోరా వినాలంటే

కడపలో ఫ్యాన్ ఆపి కూర్చోవడం కష్టమే. కానీ ఫ్యాన్ తిరుగుతుంటే కోరా, అంటే పడమటి ఆఫ్రికా తీగెల వాయిద్యం, సగమే వినపడుతుంది. అందుకే నేను ఆదివారం పొద్దున ఐదున్నరకు, పాలబండ్లు రాకముందే, మిద్దె మీద గదిలో పెట్టుకుంటాను. ఆ వేళకు కిటికీ గాలి చాలు.

వేరే దేశాల సంగీతం అనగానే నేను రెండేళ్లు చేసిన పని, యాభై పాటలు లిస్టులో వేసుకుని ఒక్కోటి అర నిమిషం విని దాటేయడం. ఒక్కటీ మనసుకు పట్టలేదు. వారానికి ఒక్క ఆల్బమ్ చాలు. శనివారం రాత్రే డౌన్‌లోడ్ చేసుకోండి. షఫుల్ తీసేసి ఫోన్‌ను ఏరోప్లేన్ మోడ్‌లో పెట్టండి.

స్పీకర్లను గది మూలకు నెట్టొద్దు. బేస్ గుమ్మని మోగి సన్న తీగెలు మునిగిపోతాయి. గోడకు మూరెడు ఎడంగా, స్టూళ్ల మీద, చెవి ఎత్తుకు పెట్టండి. పక్క మనిషి మామూలుగా మాట్లాడితే వినపడేంత సౌండ్ చాలు.

మొదట 'న్యూ ఏన్షియంట్ స్ట్రింగ్స్' వినండి. మాలి దేశపు టుమానీ దియాబాతే, బల్లాకే సిసోకో 1997 సెప్టెంబర్ 22న బమాకోలో రికార్డు చేశారు. రెండు కోరాలు, అంతే. సగానికి కోసిన పెద్ద సొరబుర్రకు ఆవుతోలు బిగించి, పొడుగు కర్ర దూర్చి, 21 తీగెలు కడితే కోరా. వాయించేది రెండు బొటనవేళ్లు, రెండు చూపుడువేళ్లతోనే. మిగతా వేళ్లు పిడులను పట్టుకునుంటాయి.

మొదటిసారి ఊరికే వినండి. రెండోసారి బొటనవేళ్ల వెంటే పోండి. కింది స్థాయిలో ఒకే వరుస మళ్లీ మళ్లీ వస్తుంటుంది. అది చెవికి చిక్కినాక, మూడోసారి పైన జలజలా రాలే చూపుడువేళ్లను పట్టుకోండి.

ఒకరోజు మా అమ్మ పక్కనే చెనిక్కాయలు ఒలుస్తూ ఉండింది. నేనేమీ చెప్పలేదు. చేతిలో కాయ చేతిలోనే ఉంచుకుని, "ఇది సొరబుర్ర సప్పుడే కదబ్బీ. మా ఊర్లో బ్రహ్మంగారి తత్వాలు పాడేటాయన తంబూర ఇట్లే మోగుతాండె" అనింది. నేను పుస్తకంలో చదివి తెలుసుకున్నది ఆమె చెవితోనే పట్టేసింది.

మరుసటి వారానికి సెజారియా ఎవోరా. కేప్ వెర్డె దీవుల గాయని, స్టేజీ మీద చెప్పుల్లేకుండా పాడేది. 1992లో వచ్చిన 'మిస్ పెర్ఫుమాదో' తెచ్చుకోండి. పాట అర్థాన్ని ముందే చూడకండి. ఆమె ఎక్కడ ఊపిరి తీసుకుంటుందో, ఏ మాటను లాగుతుందో గమనించండి. నాకు 'సొదాదె' అన్న ఒక్క మాటే దొరికింది. మూడుసార్లు విన్నాక అర్థం చూశాను. బెంగ అని. పని కోసం ఇల్లు వదిలి సావో టొమే దీవికి పోయే దారి గురించిన పాట. మా వీధిలో నాలుగిళ్ల మగవాళ్లు కువైట్‌లో ఉన్నారు. ఆ పొద్దు ఇంకో ఆల్బమ్ పెట్టలేదు, దాన్నే మళ్లీ మొదటినుంచి విన్నాను.