గాల్లో ఇంధనం అయిపోతే: చిన్న కార్గో విమానానికి సమస్య - పరిష్కారం

సమస్య: ఇంజిన్ ఆగి ఆగి నడుస్తోంది, ఫ్యూయెల్ ప్రెషర్ సూది ఊగుతోంది.

కారణం: ఇంధనం నిజంగా అయిపోయి ఉండొచ్చు, లేదా ట్యాంకులో ఉండి కూడా ఇంజిన్‌కు అందకపోవచ్చు. రెక్కకో ట్యాంకు ఉన్న విమానాల్లో సెలక్టర్ (ఏ ట్యాంకు నుంచి ఇంధనం తీసుకోవాలో ఎంచే మీట) ఖాళీ ట్యాంకు మీదే ఉండిపోతే, పక్కది నిండుగా ఉన్నా ఇంజిన్ ఆగిపోతుంది.

పరిష్కారం: ముందు ముక్కు దించి గ్లైడ్ వేగం (ఇంజిన్ లేకుండా ఎక్కువ దూరం జారుతూ వెళ్లగలిగే వేగం) పట్టుకోండి. తర్వాత సెలక్టర్ మార్చి, బూస్ట్ పంప్ (ఇంధనాన్ని ఇంజిన్‌కు నెట్టే అదనపు పంప్) వేసి, చెక్‌లిస్ట్ ప్రకారం స్టార్ట్ చేసి చూడండి.

సమస్య: ఏ ట్యాంకులోనూ చుక్క లేదు.

పరిష్కారం: ఇక దిగాల్సిందే. అత్యవసర రేడియో ఫ్రీక్వెన్సీ 121.5 మెగాహెర్ట్జ్ మీద మేడే (ప్రాణాపాయంలో ఇచ్చే పిలుపు) చెప్పండి, కానీ మాటల్లో పడి వేగం వదిలేయకండి. గాలికి ఎదురుగా, అడ్డంకుల్లేని నేల ఎంచుకోండి. రన్‌వే అందేలా లేకపోతే ముక్కు ఎత్తి సాగదీయవద్దు. వేగం పడిపోయి, రెక్కలు విమానాన్ని మోయలేక స్టాల్ అవుతుంది. ప్రాణాలు తీసేది ఎక్కువగా ఆ స్టాలే. వేగం సగానికి తగ్గితే తాకిడి శక్తి నాలుగో వంతవుతుంది కాబట్టి, రెక్కలు సమంగా ఉంచి వీలైనంత నెమ్మదిగా నేల తాకాలి. మీ వీపు వెనకే సరుకుంది. వల, పట్టీలు బిగించే పని టేకాఫ్‌కు ముందే అయిపోయి ఉండాలి. తలుపు గడియ ముందే తీసి ఉంచితే ఫ్రేమ్ వంగినా ఇరుక్కోదు.

సమస్య: గేజ్ ఒకటి చెబుతోంది, గడియారం లెక్క (ఎగిరిన సమయాన్ని బట్టి మిగలాల్సిన ఇంధనం) మరొకటి చెబుతోంది.

కారణం: గేజ్ చెడి ఉండొచ్చు. రెక్క పైనున్న మూత వదులైతే అక్కడి తక్కువ పీడనం ఇంధనాన్ని బయటికి లాగేస్తుంది. నింపేటప్పుడే లెక్క తప్పి ఉండొచ్చు కూడా. 1983లో కెనడాలో ఒక ప్రయాణికుల బోయింగ్ 767కి 22,300 కిలోలు కావాల్సి ఉండగా, లీటర్లను బరువులోకి మార్చేటప్పుడు కిలోల గుణకం చోట పౌండ్ల గుణకం వాడారు. అందులో సగం కూడా లేకుండానే అది ఎగిరింది. గిమ్లీలోని పాత వైమానిక స్థావరంలో ఇంజిన్లు లేకుండానే దిగింది.

సరుకు విమానాల్లో ఇంకో ఉచ్చు ఉంది. చివర్లో మరో రెండు పెట్టెలు ఎక్కిస్తే టేకాఫ్ బరువు దాటకుండా ఉండేందుకు ఇంధనం తగ్గిస్తారు. ఎదురుగాలి పెరిగితే ఆ లోటు గాల్లో బయటపడుతుంది. దింపాల్సింది పెట్టెను, ఇంధనాన్ని కాదు.

పరిష్కారం: ప్రతిసారీ బయలుదేరే ముందు ట్యాంకులో కొలబద్ద ముంచి చూడండి, మూత చేత్తో బిగించండి. రెండు లెక్కలు కలవకపోతే తక్కువ చూపేదాన్నే నమ్మండి. అమెరికా నిబంధనల్లో విజువల్ (బయటికి కళ్లతో చూస్తూ నడిపే) ప్రయాణానికి గమ్యం దాటాక పగలు 30, రాత్రి 45 నిమిషాల నిల్వ ఉండేలా బయలుదేరాలి. నా దృష్టిలో అది అట్టడుగు గీత. ఆ నిల్వలోకి దిగేలా ఉంటే గమ్యం మానుకుని, ఇంజిన్ తిరుగుతుండగానే దగ్గరి రన్‌వే మీద దిగండి.