జాజ్ కొత్తగా వినేవాళ్లు ఎట్ల మొదలుపెట్టాలి

జాజ్ అంటే అమెరికాలో నల్లవాళ్ల దగ్గర పుట్టిన సంగీతం, తిరుపతిలో ఫ్రెండ్స్ ఎవరో ఒకరు అది ఎక్కడ్నుంచి వినాలన్నా అని అడుగుతానే ఉంటారు. ఒకే ఆర్టిస్ట్‌ని పట్టుకోని కూర్చోవద్దు, ఆఫ్రికాకీ అమెరికాకీ మధ్య ఈ సంగీతం పోతా వస్తా ఉండే దారి పట్టుకోండి, అప్పుడే అందులో రాజకీయం కూడా చెవికి అందుతుంది.

ఫస్ట్ అమెరికా ట్రంపెట్ వాద్యకారుడు డిజ్జీ గిలెస్పీ బ్యాండ్ 1947లో రికార్డ్ చేసిన 'మాంటెకా' పెట్టండి. ఫోన్ స్పీకర్లో బేస్ (లోతైన శబ్దమిచ్చే పెద్ద తీగల వాయిద్యం) వినపడదు, ఇయర్‌ఫోన్స్ కావాల్సిందే. మొదట బేస్, చేతుల్తో వాయించే కాంగా డ్రమ్ములు, వాటిమీద శాక్సఫోన్లు, ఆ పైన ట్రంపెట్లు, ఒక్కో వరస వచ్చి చేరతా ఉంటుంది. ఒకసారి కాంగా మాత్రమే వినండి, వాయించేది హవానా నుంచి వచ్చిన చానో పోసో, బానిసలుగా క్యూబాకి తెచ్చిన ఆఫ్రికన్ల దరువులు అతని చేతుల్లో ఉన్నాయి. రెండోసారి ట్రంపెట్లూ శాక్సఫోన్లూ వినండి, మన భజనలో ఒకరు అందిస్తే మిగతావాళ్లు అందుకున్నట్టే ఉంటుంది.

ప్రతి రికార్డుకీ సంవత్సరం చూడడం అలవాటు చేసుకోండి. 1956లో అమెరికా జాజ్ కళాకారుడు లూయీ ఆర్మ్‌స్ట్రాంగ్ ఆఫ్రికాలో బ్రిటిష్ పాలన కింద ఉన్న గోల్డ్ కోస్ట్‌లో ఆక్రాకి పోయి వాయించినాడు, మరుసటి ఏడే ఆ దేశం స్వతంత్ర ఘనా అయింది. అదే 1956లో అమెరికా ప్రభుత్వం డిజ్జీ బ్యాండ్‌ని విదేశాలకి పంపింది, మా దగ్గర ఎంత స్వేచ్ఛ ఉందో చూడండి అని, కానీ అదే అమెరికా దక్షిణ రాష్ట్రాల్లో నల్లవాళ్లకి స్కూళ్లు కూడా వేరే.

తర్వాత అమెరికా డ్రమ్మర్ మాక్స్ రోచ్ 1960 ఆల్బమ్ 'వుయ్ ఇన్సిస్ట్'. ఇది తొందరపడి వినేది కాదు. 'డ్రైవా మ్యాన్' పాటకి వేళ్లమీద ఐదు లెక్కపెట్టండి, మొదటి దెబ్బ ప్రతిసారీ కొరడాలాగా పడుతుంది, పాట బానిసల మీద పెత్తనం చేసేవాడి గురించి, పాడింది ఆబీ లింకన్. ఆ ఏడాది మార్చి 21న దక్షిణాఫ్రికాలోని షార్ప్‌విల్‌లో పోలీసులు జాతివివక్ష మీద నిరసనకి వచ్చిన నల్లవాళ్లలో 69 మందిని కాల్చి చంపినారు, ఆల్బమ్ చివరి పాట ఆ దగ్గర్లోని జోహన్నెస్‌బర్గ్ నగరం కోసమే. దీంట్లో నైజీరియా డ్రమ్మర్ ఒలాతున్‌జీ కూడా ఉన్నాడు, దక్షిణాఫ్రికా ప్రభుత్వం ఆల్బమ్‌ని నిషేధించింది.

చివరగా దక్షిణాఫ్రికా పియానో వాద్యకారుడు అబ్దుల్లా ఇబ్రహీం 'మానెన్‌బర్గ్', 1974, కేప్‌టౌన్. దక్షిణాఫ్రికా ప్రభుత్వం తెల్లవాళ్లు కాని జనం ఇళ్లు ఖాళీ చేయించి వాళ్లని తోసేసిన టౌన్‌షిప్ (ఊరి బయట పేట) పేరది, మాటలు దాదాపు లేకుండానే జాతివివక్ష మీద పోరాడేవాళ్ల పాటైపోయింది. పదమూడు నిమిషాల పైనే ఉంటుంది, పని చేసుకుంటా వినొద్దు. నచ్చితే నైజీరియా కళాకారుడు ఫెలా కుటికి పోండి, 1969లో అమెరికాలో బ్లాక్ పవర్ (నల్లవాళ్ల హక్కుల పోరాటం) రాజకీయం తెలుసుకోని నైజీరియాకి తిరిగొచ్చినాక వాయించినవి ముందు పెట్టుకోండి.